చిన్నాన్నకు కామెర్లు రాలేదు

ఒక అఫిడవిట్ నకలును ఎనిమిదేళ్లుగా నా బీరువాలో దాచుకున్నాను. దాని మూడో పేరాలో మా చిన్నాన్నకు కామెర్లు వచ్చాయని, ఊళ్లోనే పసరు మందు తాగుతూ మంచం పట్టాడని, అందువల్ల అప్పీలు దాఖలు చేయడంలో 174 రోజుల ఆలస్యం జరిగిందని ఉంది. రాసింది నేనే. చిన్నాన్నకు కామెర్లు ఏనాడూ రాలేదు. ఆ 174 రోజుల్లో చాలా భాగం ఆయన బొంబాయిలో కాంక్రీటు తట్టలు మోస్తున్నాడు.

నేను మహబూబ్‌నగర్‌లో సివిల్ కేసులు చూసే వకీలును. అప్పటికి నల్లకోటు వేసుకుని రెండేళ్లు కూడా నిండలేదు. మా ఊరు నారాయణపేట వైపు. ఇప్పుడది వేరే జిల్లా, అప్పట్లో పాలమూరులోనే ఉండేది. తాత పంచి ఇచ్చిన ఎకరా ఇరవై గుంటల చెల్క చిన్నాన్న సాగులో ఉండేది. కంది వేసేవాడు, వాన ముందుగా పడితే జొన్న. ఆ భూమి తనదంటూ దాయాది ఒకాయన మునసబు కోర్టులో దావా వేశాడు. ఆరేళ్లు నడిచింది. వాదనలు ముగిసి తీర్పు కోసం వాయిదా మీద వాయిదా పడుతున్న రోజుల్లో మేస్త్రీ బయానా ఇచ్చి పిలిచాడు. చిన్నాన్న, చిన్నమ్మ బొంబాయి బస్సెక్కారు. పాలమూరులో ఇది చెప్పుకోవలసినంత వింత కాదు. మా వాడలో తాళం వేసిన ఇళ్లను చూసి ఆ ఏడాది కాలం ఎలా ఉందో చెప్పేవాళ్లం.

2016 సెప్టెంబరు 28న తీర్పు వచ్చింది. దావా గెలిచింది దాయాది. చిన్నాన్న తరఫు వకీలు ఫోను చేశారు, ఆ నంబరు అప్పటికే మారిపోయింది. ఉత్తరం వేశారు. దాన్ని మా నాయనమ్మ అందుకుంది. ఆమెకు చదువు రాదు, చెవులు సరిగా వినపడవు. కోర్టు కాగితమైతే పోగొట్టకూడదని భద్రంగా చూరులో దోపింది. అప్పీలుకు గడువు 30 రోజులు. అక్టోబరు 28తో అది ముగిసింది. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. మేస్త్రీ చేతిలో కొత్త నోట్లు లేవు, పాత నోట్లు తీసుకుంటే మార్చుకోవడానికి చిన్నాన్నకు బ్యాంకు ఖాతా లేదు. కూలి డబ్బు మేస్త్రీ దగ్గరే నిలిచిపోయింది. ఆ డబ్బు చేతికి రానిదే ఊరికి రాలేని పరిస్థితి. చివరికి ఉగాదికి వచ్చారు. 2017 ఏప్రిల్ 3న వకీలు దగ్గరికి వెళితే భూమి పోయిందని తెలిసింది. మరుసటి రోజు నకలు కోసం దరఖాస్తు. ఏప్రిల్ 20న అప్పీలు, దానితో పాటు ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్.

ఇప్పుడు పైన రాసిన ఈ పేరాను మళ్లీ చదువుకుంటే నాకు ఊపిరి ఆడదు. ఒక కోర్టుకు చెప్పదగిన కారణమంతా ఇందులోనే ఉంది. మేస్త్రీ హాజరు పుస్తకం ఉంది, చూరులో తపాలా ముద్రతో సహా కవరు ఉంది, బస్సు టికెట్లున్నాయి, సాక్ష్యం చెప్పడానికి అదే అడ్డాలో పనిచేసిన పదిమంది ఉన్నారు. నేను ఇవేవీ అడగలేదు.

ప్రతి వకీలు ఆఫీసులోనూ పాత పిటిషన్ల కట్ట ఒకటి ఉంటుంది. ఆలస్యం పిటిషన్ కావాలంటే అందులోంచి ఒకటి తీసి, పేర్లు, తేదీలు మార్చి టైపుకు ఇస్తారు. ఆ కట్టలో కామెర్లు ఉంటాయి. వీటికి పెద్దాసుపత్రి చీటీ అవసరం లేదు, నాటు వైద్యం అంటే సరిపోతుంది. ఎన్నాళ్లు మంచం పట్టారన్నది కూడా మన ఇష్టం. నేను ఆ కాగితాన్నే ముందు పెట్టుకున్నాను. వలస కారణం చిన్నదని, కూలికి పోవడాన్ని కోర్టు కారణంగా ఒప్పుకోదని అనుకున్నాను. ఎవరూ నాకు అలా చెప్పలేదు, నాకు నేనే అనుకున్నాను. మా ఇంటి మనిషి కష్టాన్ని కోర్టుకు చెప్పదగ్గది కాదని తీర్మానించినదాన్ని నేనే.

అఫిడవిట్ ఇంగ్లిషులో ఉంది. చివర ఒక వాక్యం ఉంటుంది: పై విషయాలు తెలుగులో చదివి వినిపించగా సరైనవని ఒప్పుకొని సంతకం చేశారు, అని. నేను చదివి వినిపించలేదు. మధ్యాహ్నం రెండున్నరకు కౌంటర్ మూసేస్తారన్న తొందరలో వేలు పెట్టి చూపించాను. చిన్నాన్న ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. సొంత అన్న కూతురు వకీలు, ఇక చదవడమెందుకు అనుకుని ఉంటాడు.

రెండు నెలల తరువాత దాయాది కౌంటరు, అంటే మా పిటిషన్‌కు రాతలో జవాబు, వచ్చింది. ఈ పిటిషనరుకు ఏ జబ్బూ లేదు, ఆ కాలమంతా బొంబాయిలో కూలి పని చేస్తూ ఉన్నాడు, కావాలని అబద్ధం చెబుతున్నాడు అని. దాయాది కొడుకు కూడా అదే మేస్త్రీ దగ్గర పనిచేశాడట. జతగా ఒక ఫోటో పెట్టారు. సంక్రాంతి నాటిది. సగం లేచిన భవనం ముందు, ఇనుప చువ్వల పక్కన, తలకు తువ్వాలు చుట్టుకుని చిన్నాన్న నిలబడి ఉన్నాడు. మమ్మల్ని కాపాడగలిగిన నిజం మా ఎదుటివాళ్ల కాగితంలో, మాకు వ్యతిరేకంగా, ఫోటోతో సహా ఉంది.

అదనపు అఫిడవిట్ వేశాను, నోట్ల రద్దు గురించి, కూలి డబ్బు గురించి అంతా రాశాను. అప్పటికి అది పట్టుబడ్డాక చెప్పిన మాట అయింది. 2018లో పిటిషన్ కొట్టేశారు. ఒక కారణం ప్రమాణం మీద చెప్పి, అది అబద్ధమని తేలాక ఇంకొకటి చెప్పేవారికి కోర్టు తన విచక్షణను ఉపయోగించలేదని ఆర్డరు. ఆ జడ్జి గారి స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

కోర్టు మెట్ల మీద కూర్చుని ఆర్డరు వివరంగా చెప్పాను. అంతా విని చిన్నాన్న ఒక్కమాట అడిగాడు: "బొంబాయిలో ఉన్నానని రాయలేదా బిడ్డా?" కోపంతో కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. హైకోర్టులో రివిజన్ వేద్దామన్నాను. వద్దన్నాడు. ఇంకో పదివేలు బాకీ చేయలేనన్నాడు.

ఈ చట్టాన్ని ఆ తరువాత పుస్తకం ముందు పెట్టుకుని చదివాను. పరీక్ష కోసం చదివినప్పుడు కనిపించని సంగతులు కనిపించాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం సివిల్ డిక్రీ, అంటే తీర్పు సారాన్ని లాంఛనంగా రాసిన కోర్టు ఉత్తర్వు మీద జిల్లా స్థాయి కోర్టుకు అప్పీలంటే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. అదే డిక్రీని అమలు చేయించుకోవడానికి గెలిచినవారికి 12 ఏళ్లు. ఓడినవాడికి నెల, గెలిచినవాడికి పుష్కరం. గెలుపు ఏనాటికైనా ఒకచోట నిలవాలి, లేకపోతే ఏ తీర్పుకూ విలువ ఉండదు, ఆ కారణం నాకు అర్థమవుతుంది. కానీ ఆ నెల రోజులు ఓడిన మనిషికి తెలిసిన రోజు నుంచి మొదలుకావు, తీర్పు చెప్పిన రోజు నుంచే లెక్క. ఎదుటివారు ఒక్క అభ్యంతరం చెప్పకపోయినా, గడువు దాటితే కొట్టేయవలసిన బాధ్యత మూడో సెక్షన్ కోర్టు మీదే పెట్టింది.

ఐదో సెక్షన్ దానికి తలుపు. తగిన కారణం చూపిస్తే అప్పీలును గడువు తరువాత కూడా తీసుకోవచ్చు. దావాలకు ఈ తలుపు లేదు, అప్పీళ్లకు, కొన్ని పిటిషన్లకే ఉంది. తగిన కారణం ఏదన్నది చట్టం చెప్పలేదు. 1987లో అనంతనాగ్ కలెక్టరు కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. భూసేకరణ పరిహారం మీద ప్రభుత్వం వేసిన అప్పీలు నాలుగు రోజులు ఆలస్యమైంది, హైకోర్టు కాదంది. ప్రతి రోజుకూ సంజాయిషీ ఇవ్వాలన్న మాటను ముక్కస్య ముక్కగా తీసుకోకూడదని, అలాగైతే ప్రతి గంటకు, ప్రతి క్షణానికి ఎందుకు అడగకూడదని సుప్రీంకోర్టు ప్రశ్నించింది. ఆలస్యంగా రావడం వల్ల మామూలుగా ఎవరికీ లాభం లేదని, పైగా నష్టమే ఎక్కువని కూడా అంది. 1998లో బాలకృష్ణన్ కేసు నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. అక్కడ ఆలస్యం 883 రోజులు. కేసు సంగతి వకీలు చెప్పలేదని కక్షిదారు చెప్పాడు. అంతటితో ఆగకుండా ఆ వకీలు మీద వినియోగదారుల ఫోరానికి కూడా వెళ్లాడు, 50,000 రూపాయల పరిహారం ఇవ్వమని ఫోరం ఆదేశించింది. ఆలస్యం ఎంత అన్నది కాదు, చెప్పిన కారణం నమ్మదగినదా కాదా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు ఆ ఆలస్యాన్ని మన్నించింది. ఒక్కో కేసులో కొద్ది రోజులకు కూడా దొరకని మన్నింపు 883 రోజులకు దొరికింది. మా 174 రోజులకు దొరకకపోవడానికి కారణం రోజుల సంఖ్య కాదు.

ఇంకో సంగతి మాకు చాలా నష్టం చేసింది. ఆలస్యం పిటిషన్ తేలనిదే అప్పీలుకు నంబరు పడదు. అప్పీలును వినడానికి కోర్టు నిర్ణయించే దాకా డిక్రీ అమలు మీద స్టే కూడా ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 3ఏ రూలు అంటోంది. అప్పీలు వేశాం కదా అని చిన్నాన్న ధైర్యంగా ఉన్నాడు, ఊళ్లో అందరూ అలాగే అనుకుంటారు. ఈలోగా దాయాది అమలు పిటిషన్ వేసుకున్నాడు. కోర్టు అమీను వచ్చి హద్దులు చూపించి భూమి అప్పగించేనాటికి చేలో కంది పూతమీద ఉంది.

2020 మార్చిలో బొంబాయి నుంచి మా వాళ్లు దొరికిన లారీ ఎక్కి, దొరకనిచోట నడిచి వస్తున్నప్పుడు, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి దేశమంతటా అన్ని గడువులను ఆపేసింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజులు లెక్కలోకి రావని, ఆ మధ్య గడువు ముగిసినవారికి మార్చి 1 నుంచి 90 రోజులు ఉంటాయని 2022 జనవరిలో చెప్పింది. ఎవరూ అఫిడవిట్ వేయనక్కరలేదు, ఏ జబ్బూ చెప్పనక్కరలేదు. ఆ ఆర్డరు చదివిన రోజు నేను చిన్నాన్నకు ఫోను చేశాను. ఎందుకు చేశానో ఆయనకు చెప్పలేదు, ఆరోగ్యం అడిగి పెట్టేశాను. మనిషి కోర్టు దాకా రాలేని కాలం ఒకటి ఉంటుందని దేశం మొత్తానికి ఒప్పుకున్నారు. మా చిన్నాన్నకు అలాంటి కాలం 2016లోనే వచ్చింది, నేను దాన్ని కామెర్లని రాశాను.

ఇది చదివేవారిలో కోర్టు వాయిదాలకు తిరిగే కుటుంబాలవారు తప్పక ఉంటారు కాబట్టి నకలు సంగతి కాస్త వివరంగా చెబుతాను. తీర్పు వచ్చిన రోజే, కుదరకపోతే మరునాడే, తీర్పు, డిక్రీ నకళ్లకు దరఖాస్తు పెట్టండి. అప్పీలు వేస్తారో లేదో తేల్చుకోవడం తరువాత. నకలు తయారు కావడానికి పట్టే రోజులను 12వ సెక్షన్ గడువు నుంచి తీసేస్తుంది, కానీ దరఖాస్తు పెట్టిన తరువాతి రోజులనే. డిక్రీ ఇంకా రాయలేదట, రాశాక పెడదాం అని చాలామంది ఆగుతారు. దరఖాస్తుకు ముందు డిక్రీ రాయడానికి కోర్టు తీసుకున్న రోజులు మినహాయింపులోకి రావని అదే సెక్షన్ కింద వివరణలో స్పష్టంగా ఉంది. నకలు వెనక ముద్రలు చూడండి: దరఖాస్తు తేదీ, రుసుము కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. కట్టమన్నాక మనం చేసిన జాగు, సిద్ధమయ్యాక తీసుకోకుండా ఊరుకున్న రోజులు మన ఖాతాలోనే పడతాయి. గడువు చివరి రోజు సెలవైతే తెరిచిన రోజు వేయవచ్చు, వేసవి సెలవులకూ ఇదే వర్తిస్తుంది. తెరిచిన మరునాడు వెళితే మాత్రం ఆలస్యమే.

బొంబాయిలో, పుణెలో, భివండిలో ఉండే పిల్లలకు ఇంకోటి. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తరువాతి వాయిదా, తీర్పు తేదీ ఫోనులోనే కనిపిస్తాయి. ఊళ్లో చదువురాని నాయనమ్మ మీద ఆ బరువు పెట్టకండి. ఆ నంబరును వకీలు దగ్గర అడిగి ఆధార్ కార్డు జిరాక్సు వెనక రాసుకోండి.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కింద, కాల్వల కింద భూములు పోయినవారు కూడా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల గడువులు వేరు, చాలామందికి ఆ సంగతే తెలియదు. 2013 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారం చాలదనుకుంటే కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ప్రకటించినప్పుడు ఎదుట ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందు ముగిస్తే అది. తగిన కారణం ఉంటే మరో ఏడాది లోపల కలెక్టరు తీసుకోవచ్చు. చెక్కు తీసుకున్నాం కదా, ఇక అడగరాదేమో అని ఊరుకుంటారు. అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి చెక్కు తీసుకోవచ్చని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లకు మేలు జరిగేదో. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి.

నేను ఆ పాత పిటిషన్ల కట్టను ఇప్పుడు ఆఫీసులో ఉంచడం లేదు. ఆలస్యం పిటిషన్ కోసం ఎవరైనా వస్తే ముందు గోడ మీది పంచాంగం క్యాలెండరు దించి బల్ల మీద పరుస్తాను. తేదీ చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. బతుకమ్మ నాటికి ఎక్కడున్నారు, పీర్ల పండుగకు ఊరికి వచ్చారా, కురుమూర్తి జాతరకు పోయారా, మన్యంకొండకు ఎవరితో వెళ్లారు అని అడిగితే మాత్రం గడియతో సహా చెబుతారు. ఆ రోజు వేసుకున్న చీర, బస్సులో పోగొట్టుకున్న చెప్పు కూడా చెబుతారు. నేను పక్కనే తేదీలు రాసుకుంటాను. దేనికి కాగితం ఉంది, దేనికి మనిషి ఉన్నాడు, దేనికి ఏదీ లేదు అని మూడు గడులు గీస్తాను. మూడో గడిని ఖాళీగా ఉంచడానికి భయపడను. పదకొండు రోజులు ఎలా గడిచాయో గుర్తు లేదని రాసిన అఫిడవిట్ కూడా కోర్టులో వేశాను. ఆ పిటిషన్ మీద ఖర్చుల కింద వెయ్యి రూపాయలు వారం లోపల కట్టమని షరతు పెట్టి మన్నించారు. ఆ వెయ్యి కట్టే గడువు తప్పితే ఆర్డరు కూడా పోతుంది, అందుకని సాయంత్రమే కట్టించాను.

పోయిన నెల కోయిలకొండ వైపు నుంచి ఒకామెను చిన్నాన్న వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొడుకు పుణెలో, కేసు ఇక్కడ, ఆలస్యం 63 రోజులు. రెండు పూటలు కూర్చుని అఫిడవిట్ తయారుచేశాం. సంతకానికి ముందు ఒక్కో పేరా తెలుగులో చదువుతున్నాను. చిన్నాన్న గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వింటున్నాడు. నాలుగో పేరా దగ్గర ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"అది తప్పమ్మా. నా కొడుకు ఫోను చేసింది మన్యంకొండ రథం లాగిన మరునాడు. నువ్వు ముందు రోజని రాశావు."

క్యాలెండరు చూశాను. ఆమె మాటే నిజం. పెన్నుతో కొట్టేసి, పైన సరైన తేదీ వేసి, పక్కన ఆమెతో పొట్టి సంతకం చేయించి, ఐదో పేరా మొదలుపెట్టాను.